ఆఫీసయ్యాక అరగంట: మెలిక ముగ్గు నేర్చుకోవడం ఎలా?

సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుని కూర్చుంటే గంట ఎలా గడిచిపోతుందో తెలియదు. ఆ గంటలో అరగంట పక్కన పెట్టగలిగితే మీకొక పని నేర్పిస్తాను. దీనికి కావలసింది గుప్పెడు బియ్యప్పిండి, రెండడుగుల నేల, అంతే. ఫీజులు కట్టక్కర్లేదు, క్లాసులకు వెళ్లక్కర్లేదు. బొమ్మలు గీయడం రానివాళ్లకూ వస్తుంది. ముగ్గు ఆడవాళ్ల పనే అనుకునే మగవాళ్లు కూడా ఒక్కసారి వేసి చూడండి. మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు మొదలుపెట్టాడు, ఇప్పుడు నాకంటే తిన్నగా వేస్తున్నాడు.

ముగ్గుల్లో చాలా రకాలున్నాయి. చుక్కలను గీతలతో కలుపుతూ పువ్వులు, చిలకలు, దీపాలు తెప్పించేది ఒక రకం. చుక్కలే లేకుండా చేత్తో డిజైన్ వేసి రంగులు నింపేది ఇంకో రకం. చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరుగుతూ, మలుపులు తీసుకుంటూ, చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసేది మెలిక ముగ్గు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ఎప్పుడూ దీనితోనే మొదలుపెట్టమని చెబుతాను. ఇందులో బట్టీ పట్టాల్సిన బొమ్మేమీ లేదు. గీత నడిచే పద్ధతి ఒకటి తెలిస్తే చాలు, ఎన్ని చుక్కల ముగ్గయినా మీ అంతట మీరే వేసుకోవచ్చు.

ముందు పిండి సంగతి

సంక్రాంతికి నెల ముందు బండ్ల మీద అమ్మే తెల్లటి ముగ్గు ముగ్గురాయిని పొడి చేసినది. చవక, తెల్లగా మెరుస్తుంది, చేతి నుంచి బాగా జారుతుంది. కాకపోతే దుమ్ము లేస్తుంది కాబట్టి పిల్లలు దగ్గరుంటే ముక్కుకు గుడ్డ కట్టండి. బియ్యప్పిండి అయితే ఆ ఇబ్బంది లేదు, పైగా చీమలూ పిచ్చుకలూ తింటాయి. వంటింట్లో వాడే మెత్తటి పిండి మాత్రం పనికిరాదు. వేళ్ల మధ్య ముద్దకట్టి ఒకచోట కుప్పగా, ఇంకోచోట ఖాళీగా పడుతుంది. మరకు తీసుకెళ్లి కాస్త బరకగా ఆడించండి. నేను బండి మీద కొన్న ముగ్గు మూడు వంతులకు ఒక వంతు బరక బియ్యప్పిండి కలుపుకుంటాను. చిటికెడు తీసి వేళ్లు నలిపితే పొడి సన్నగా, ఆగకుండా జారాలి. జారితే పిండి సిద్ధమైనట్టే.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు పొడి ముగ్గుతో ఒక చిక్కుంది. నేను ఇదివరకు అద్దెకున్న చోట కారిడార్లో పొడి పడుతోందని పక్క ఫ్లాటు వాళ్లు అభ్యంతరం చెప్పారు. అప్పుడే రెండడుగుల ప్లైవుడ్ చెక్క తెచ్చి, ఎర్రమన్ను రంగు పెయింటు వేయించుకున్నాను. ఇప్పటికీ నా సాధనంతా దాని మీదే. వేశాక ఫొటో తీసుకుని, చెక్కను వంచి పొడిని మళ్లీ డబ్బాలోకి దులుపుకుంటాను. డబ్బా పిండి నెలల తరబడి వస్తుంది.

వేళ్లకు అలవాటు చేయడం

మొదటి మూడు నాలుగు రోజులు ముగ్గు జోలికే పోకండి. గీత మాత్రమే గీయండి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి కొసల మధ్య చిటికెడు పిండి పట్టుకోండి. చెయ్యి నేలకు రెండు అంగుళాల ఎత్తులో ఉండాలి. నేలకు ఆనిస్తే గీత ముక్కలవుతుంది, మరీ పైకెత్తితే పొడి చెల్లాచెదురవుతుంది. బొటనవేలిని చూపుడువేలి మీద మెల్లగా రాస్తూ పిండిని వదులుతూ, అదే సమయంలో చేతిని కదపండి. కదలిక మణికట్టు నుంచి కాదు, మోచేతి నుంచి రావాలి. కొత్తవాళ్లందరూ ఇక్కడే తప్పు చేస్తారు. పెన్నుతో రాసే అలవాటు కదా, మణికట్టు తిప్పుతారు, గీత వణుకుతుంది. మోచెయ్యి కదిలితే గీత దానంతటదే నిండుగా వస్తుంది.

ఒక చిటికెడుకు జానెడు గీత వస్తే చాలు. రోజూ ఇరవై నిలువు గీతలు, ఇరవై అడ్డగీతలు, తర్వాత అరచేతి అంత వంపులు. వంపుల్ని ఎడమకూ కుడికీ రెండు వైపులా సాధన చేయండి. చాలామందికి ఒక వైపు వంపు బాగా వస్తుంది, రెండో వైపుది కోలగా సాగుతుంది. మెలిక ముగ్గుకు రెండూ సమానంగా కావాలి.

కూర్చునే తీరు గురించి కూడా ఒక మాట. నడుం వంచి నిలబడి వేయడం మన అమ్మలకు చిన్నప్పటి అలవాటు. రోజంతా కుర్చీలో కూర్చునే మనం ఒక్కసారిగా అలా వంగితే మర్నాడు లేవలేం. పీట వేసుకుని కూర్చోండి, లేదా చెక్కను టేబుల్ మీద పెట్టుకోండి.

చుక్కలు పెట్టడం

ముగ్గు చెడిందంటే నూటికి తొంభై పాళ్లు చుక్కల దగ్గరే చెడి ఉంటుంది. గీత తర్వాత ఎంత బాగా తిప్పినా, చుక్కల మధ్య దూరం సమానంగా లేకపోతే ముగ్గు ఒక పక్కకు ఒరిగిపోతుంది.

మొదట్లో బెత్తెడు దూరం పెట్టుకోండి. నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి రెండు చుక్కల మధ్య ఆనించి చూస్తే సరిపోతుంది, స్కేలు అక్కర్లేదు. రెండడుగుల టైల్స్ ఉన్న ఇల్లయితే వరుస తిన్నగా రావడానికి టైల్స్ మధ్య గీతే మీకు తాడు. పెద్ద ముగ్గుకైతే ఎప్పుడూ మధ్య వరుసతో మొదలుపెట్టి పైకీ కిందికీ పోవాలి. ఒక కొస నుంచి మొదలుపెడితే ప్రతి వరుసలో అరంగుళం తేడా వచ్చినా చివరి వరుసకు అది చేరెడవుతుంది. పెట్టాక కోణం నుంచి కోణానికి చూపు సారించండి. నిలువుగా, అడ్డంగా సరిగ్గా ఉన్నట్టు కనిపించే చుక్కలు ఐమూలగా చూస్తే దొరికిపోతాయి.

పత్రికల్లో ముగ్గు పక్కన అచ్చయ్యే లెక్క కూడా ఇక్కడే తెలుసుకోండి. "13 నుంచి 7 వరకు సందు చుక్కలు" అంటే మధ్య వరుసలో 13 చుక్కలు పెట్టి, పై వరుసలో ఆ చుక్కల సందుల్లో 12, ఆ పైన 11, అలా 7 దాకా తగ్గించాలి. కింది వైపూ అంతే. మొత్తం 127 చుక్కలు, ఆరు పలకల ఆకారం వస్తుంది. "13 నుంచి 1 వరకు ఎదురు చుక్కలు" అంటే చుక్కకు ఎదురుగా చుక్కే. వరుసకు రెండేసి తగ్గుతూ 11, 9, 7 అని ఒకటి దాకా పోవాలి. అది 85 చుక్కల వజ్రం ఆకారం. రెండూ 13తోనే మొదలవుతాయి, కానీ పూర్తిగా వేరు ముగ్గులు. సందు చుక్కకు ఆరు రేకుల పువ్వులు, నక్షత్రాలు బాగా కుదురుతాయి. మనం నేర్చుకోబోయే మెలికకు ఎదురు చుక్కలే కావాలి.

మొదటి మెలిక: రెండు వరుసలు, మూడేసి చుక్కలు

కింద మూడు, వాటికి ఎదురుగా పైన మూడు. మొత్తం ఆరు చుక్కలు. ఇది నేలమీద వేసే ముందు కాగితం మీద పెన్సిల్‌తో నాలుగైదు సార్లు చేయండి. పక్కన ఎవరైనా గట్టిగా చదువుతుంటే ఇంకా తేలిక.

కింది వరుస మొదటి చుక్కకు కింద పెన్సిల్ పెట్టండి. అక్కడి నుంచి ఏటవాలుగా కుడికి ఎక్కుతూ కింది మొదటి, రెండో చుక్కల మధ్యగా పోండి. అలాగే సాగి నడిమి చుక్కలు రెండింటి మధ్యగా, ఆ తర్వాత పైవరుస రెండో, మూడో చుక్కల మధ్యగా వెళ్లి, పై మూడో చుక్క నెత్తి మీదికి చేరండి. అక్కడ గుండ్రంగా తిరిగి, దాని కుడి పక్క నుంచి దిగి, కుడి చివర ఉన్న రెండు చుక్కల మధ్యలోకి రండి. ఇప్పుడు ఎడమకు దిగుతున్నారు. కింది రెండో, మూడో చుక్కల మధ్యగా దిగి కింది రెండో చుక్క అడుగున తిరగండి. మళ్లీ ఎక్కండి: కింది మొదటి, రెండో చుక్కల మధ్యగా, ఎడమ చివర ఉన్న రెండు చుక్కల మధ్యగా, పై మొదటి చుక్కకు ఎడమ పక్క నుంచి దాని నెత్తి మీదికి.

సగం అయింది. ఇప్పుడు కుడికి దిగాలి. పై మొదటి, రెండో చుక్కల మధ్యగా, నడిమి చుక్కల మధ్యగా, కింది రెండో, మూడో చుక్కల మధ్యగా దిగి, కింది మూడో చుక్క అడుగున తిరిగి దాని కుడి పక్కకు రండి. కుడి చివరి రెండు చుక్కల మధ్యగా ఎక్కి, పై రెండో, మూడో చుక్కల మధ్యగా పై రెండో చుక్క నెత్తి మీదికి. అక్కడి నుంచి పై మొదటి, రెండో చుక్కల మధ్యగా దిగి, ఎడమ చివరి రెండు చుక్కల మధ్యగా వచ్చి, కింది మొదటి చుక్కకు ఎడమ పక్కగా తిరిగితే, మొదలుపెట్టిన చోటికే వచ్చేస్తారు.

ఆరు చుక్కలూ ఆరు గదుల్లో కూర్చుని ఉంటాయి. గీత తనను తాను 7 చోట్ల దాటి ఉంటుంది. మీ ముగ్గులో అంతకంటే తక్కువ దాట్లు కనిపిస్తే ఎక్కడో మలుపు ముందే తిప్పేశారని అర్థం.

ఇంత చెప్పినా గుర్తుపెట్టుకోవాల్సింది నాలుగే సంగతులు. గీత చుక్కను తాకదు. రెండు చుక్కల మధ్య నుంచి ఏటవాలుగానే పోతుంది. ఇంకో గీత అడ్డం వస్తే తిరగదు, దాటుకుని తిన్నగా పోతుంది. చుక్కలు అయిపోయిన అంచులో మాత్రమే తిరుగుతుంది. మా పిన్ని నాకు నేర్పేటప్పుడు ఒకటే మాట అనేది: "గీసిన గీత చూడకు, పోవాల్సిన సందు చూడు." నిజంగానే, కన్ను ఒక చుక్క ముందుంటే చెయ్యి దాని వెనకే వెళ్తుంది.

ఇది నేలమీద పిండితో వేసేటప్పుడు ఒక చిన్న కిటుకు. చిటికెడు పిండి అయిపోగానే గీత ఆగుతుంది, మళ్లీ పిండి తీసుకుని అతకాలి. ఆ అతుకు వంపు మీద పడితే బుడిపెలా కనిపిస్తుంది. కాబట్టి పిండి అయిపోతోందని వేళ్లకు తెలియగానే, గీతలు దాటుకునే చోట ఆపండి. రెండో గీత దాని మీదుగా పోయేసరికి అతుకు కనపడదు. చెయ్యి తిరిగినవాళ్ల ముగ్గు ఒక్క ఊపులో వేసినట్టు కనిపించడానికి సగం కారణం ఇదే.

ఒక్క గీతా, చాలా గీతలా?

నాకు ఈ ముగ్గు మీద ఇంత ఇష్టం పెరగడానికి కారణం ఈ లెక్క. మూడు వరుసలు, మూడేసి చుక్కలు పెట్టి అదే పద్ధతిలో తిప్పి చూడండి. మొదలుపెట్టిన చోటికి తొందరగా వచ్చేస్తారు, ఇంకా సందులు మిగిలిపోతాయి. మిగిలిన సందులో మళ్లీ మొదలుపెట్టాలి. మొత్తం మూడు వేర్వేరు గీతలు పడతాయి. అదే మూడు వరుసలు, నాలుగేసి చుక్కలు పెడితే ఒక్క గీతే అన్నింటినీ చుట్టి వస్తుంది.

స్కూల్లో చదివిన గసాభా గుర్తుందా? రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య. వరుసల సంఖ్యకూ, వరుసలోని చుక్కల సంఖ్యకూ గసాభా ఎంతో, ముగ్గులో గీతలు అన్నే. 3, 4లకు గసాభా 1, కాబట్టి ఒకటే గీత. 4, 6లకు 2, కాబట్టి రెండు గీతలు. 4, 4 అయితే నాలుగు. చుక్కలు దీర్ఘచతురస్రంగా పెట్టి, పైన చెప్పిన నాలుగు సంగతులు తప్పకుండా పాటిస్తే ఇది ఎప్పుడూ తప్పదు. మొదటిసారి తెలిసినప్పుడు నేను రాత్రి పదకొండు దాకా కూర్చుని 5, 7 వరకు వేసి చూసుకున్నాను. లెక్కలంటే భయపడే పిల్లలకు గసాభా నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఈ గీతల వెనక పడ్డవాళ్లు మనమే కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1970ల్లోనే తమిళ కోలాల (ముగ్గును తమిళులు కోలం అంటారు) మీద కంప్యూటర్ సైన్సు పరిశోధన చేశారు. ఆఫ్రికాలో అంగోలా ప్రాంతపు చోక్వే జనం ఇసుకలో చుక్కలు గుచ్చి, వేలితో వాటి చుట్టూ ఆగని గీత తిప్పుతారు. దాన్ని సోనా అంటారు. అందులో కొన్నింటిని మన మెలికల పక్కన పెడితే తేడా చెప్పడం కష్టం.

తర్వాత ఏం వేయాలి

రెండు వరుసలు, మూడేసి చుక్కలది చూడకుండా వేయగలిగాక 3, 4కు వెళ్లండి. ఆ తర్వాత 3, 5కు, ఆపైన 4, 5కు. తొందరపడి ఒకేసారి వరుసకు పదిహేను చుక్కలకు దూకొద్దు. వారానికి ఒకటి కొత్తది చాలు, మిగతా రోజులు పాతదే వేయండి. గళ్ల నోటుబుక్కు ఒకటి పెట్టుకుని ప్రతి ముగ్గుకూ తేదీ, చుక్కల లెక్క, గీతల సంఖ్య రాసుకోండి. రెండు నెలల తర్వాత మొదటి పేజీ తిరగేస్తే ఎంత మారిందో మీకే తెలుస్తుంది.

గీత తప్పితే అరచేత్తో తుడవకండి, నేలంతా తెల్లబడుతుంది. పొడి బ్రష్షుతో ఆ ముక్క వరకు తీసి మళ్లీ వేయండి. కళ్లాపి చల్లిన నేలమీద వేసేటప్పుడు తడి కొద్దిగా ఆరనివ్వండి. నీళ్లు నిలిచి ఉంటే పిండి నాని గీత పలచబడుతుంది, పూర్తిగా ఎండితే గాలికి లేచిపోతుంది. కాలు పెడితే పాదానికి మట్టి అంటనంత తడి ఉండాలి.

రంగుల గురించి పెద్దగా చెప్పను. మెలిక ముగ్గుకు రంగు అక్కర్లేదన్నది నా అభిప్రాయం, తెల్లగీతే దాని అందం. పిల్లలు సరదా పడితే రంగు పొడిలో ఉప్పో సన్న ఇసుకో కలపండి, చేతికి అంటుకోకుండా సమంగా జారుతుంది.

పొడి బాగా వచ్చాక తడిపిండి ముగ్గు తప్పకుండా వేయండి. గుప్పెడు బియ్యం మూడు నాలుగు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, చిక్కటి మజ్జిగలా నీళ్లు కలపాలి. చిన్న నూలుగుడ్డ ముక్కను అందులో ముంచి, గుప్పిట్లో పట్టుకుని మెల్లగా నొక్కితే పిండినీళ్లు ఉంగరం వేలి మీదుగా దిగుతాయి. ఆ వేలి కొసే మీ కుంచె. వేసేటప్పుడు గీత నీళ్లలా, కనపడీ కనపడనట్టు ఉంటుంది. ఏమీ రాలేదేమో అని టెన్షన్ పడి దాని మీదే మళ్లీ గీయకండి. పది నిమిషాలు అలా వదిలేస్తే ఆరుతున్నకొద్దీ ఒక్కో వంపూ తెల్లగా తేలుతూ వస్తుంది. పూజగది ముందు, గడప దగ్గర ఇలా వేస్తే నాలుగైదు రోజులు చెక్కుచెదరదు.

అమెరికాలోనో, ఇంకో చలిదేశంలోనో ఉన్నవాళ్లు గరాజ్ నేలమీద లావు సుద్దముక్కతో ఇదంతా చేయొచ్చు. వేళ్ల సాధన ఉండదు గానీ గీత నడక అదే.

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలై నెల పట్టేసరికి మీ చెయ్యి సిద్ధంగా ఉండాలంటే సెప్టెంబరులో మొదలుపెట్టండి. రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు చాలు. ఆ నెలంతా వాకిట్లో రోజుకో లెక్క వేసి, కనుమ నాడు రథం ముగ్గు వేయండి. రథం చక్రాల మధ్య 3, 4 మెలిక ఒకటి ఇమిడ్చితే చూడ ముచ్చటగా ఉంటుంది. రథానికి కట్టే తాడు గీతను మీ వాకిలి దగ్గరే ఆపేయకుండా వీధిలోకి లాగండి, పక్కింటి వాళ్ల రథం తాడుతో కలపండి. వాళ్లు ముగ్గు వేయలేదంటే గుప్పెడు పిండి తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టండి.